విజిల్ ఊదేటోళ్లు కావాలె

జర పొడుగు పోస్టు ఇది. ఓపికతోని చదువుర్రి.

దసరా సెలవులల్ల తండాల కబడ్డీ పెడుదామని మొన్న గ్రూపుల మెసేజ్ వచ్చింది. రెండు రోజులు గడవకముందే ఆడేటోళ్ల పేర్లు అరవై దాటినయి. జెర్సీ ఏ రంగు ఉండాలె అన్నదాని మీదనే ముప్పై మెసేజులు. మైకు ఎవరు తెస్తరు, టెంటు ఎవరు ఏస్తరు, వంట ఎవరు చేస్తరు, అన్నీ తేలినయి. ఒక అన్న "రిఫరీలు ఎవరు మరి?" అని అడిగిండు. ఆ మెసేజ్ కింద ఇప్పటిదాక ఒక్క చెయ్యి లేవలే.

అది చూసి మేము నలుగురం హాస్టల్ రూముల ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. ఎందుకంటే పోయిన సంక్రాంతికి ఊదింది మేమే. అప్పుడు ఏం జరిగిందో గ్రూపుల చానామందికి సగమే తెలుసు. ఎవరికి తోచిన సగం వాళ్లు చెప్పుకున్నరు. మిగిలిన సగం మేము ఇప్పుడు రాస్తున్నం.

మేము నలుగురం సదాశివనగర్ మండలం తండాల పిల్లలమే. కామారెడ్డిల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నం. నలుగురి ఇండ్లల్ల కాలేజీ మెట్టు ఎక్కిన మొదటోళ్లం మేమే. అడ్మిషన్ ఫారం మీద మాలో ఇద్దరి నాయినలు వేలిముద్ర వేసిర్రు. అందుకే తండాల ఏ కాయితం వచ్చినా, ఏ మెసేజ్ వచ్చినా మా దగ్గరికే తెస్తరు. కరెంటు బిల్లు కాడికెళ్లి గల్ఫ్ వీసా కాయితం దాక చదివిపెట్టేది మేమే. కబడ్డీ పెడుతున్నం అన్నప్పుడు కూడ అట్లనే అన్నరు. "మీరు సదువుకున్నోళ్లు గదా, రూల్స్ మీకే తెలుస్తయి." నిజం చెప్పాలంటే మా నలుగురిలో సక్కగ ఆడొచ్చేటోడు ఒక్కడు లేడు. ఆట రానోళ్ల చేతుల విజిల్ పెట్టిర్రు.

అంతకుముందు మాకు ఆటల తీర్పు చెప్పుడు గురించి తెలిసింది ఒక్కటే. ఆశ్రమ పాఠశాలల చదివేటప్పుడు పీఈటీ సారు డాడ్జ్‌బాల్ ఆడిపిచ్చేటోడు. స్కూలుకంతా ఒక్కటే వాలీబాల్, అది కూడ సగం గాలి పోయింది. నేల మీద కట్టెతోని పెద్ద గుండ్రం గీసి, ఒక జట్టును లోపట నిలబెట్టి, ఇంకో జట్టు బయట నుంచి బంతి కొట్టాలె. నడుము కింద తగిలితే అవుట్. సారు విజిల్ ఊదకపోతుండే. తగిలినోడు తానే చెయ్యెత్తి బయటికి రావాలె, అదే రూల్. మొదటి వారం ఎవ్వరు చెయ్యి ఎత్తలే. "తాకలే సార్, గాలి తాకింది సార్" అని ఒకటే లొల్లి. సారు తిట్టలే. బంతి చంకల పెట్టుకొని పోయి చెట్టు కింద కూసునేటోడు. ఆట బంద్. మూడో రోజుకు మాకు అర్థమైంది, చెయ్యెత్తకపోతే ఆటే ఉండదని. ఇంక తర్వాత ఎవరికి తగిలితే వాళ్లే వచ్చేటోళ్లు. ఒకడైతే తగలకున్నా చెయ్యెత్తి నీడకు పోయేటోడు, ఎండ పడక.

ఇది ఎందుకు రాసినమో తర్వాత మీకే తెలుస్తది.

సంక్రాంతి ఆటలకు మక్క కోసిన చెలక దొరికింది. మొదళ్లు పీకి, నీళ్లు చల్లి, ట్రాక్టర్ టైర్లతోని తొక్కిపిచ్చినం. కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అని ఫోన్ల చూసినం గని మేస్త్రి ఇచ్చిన టేపు అడుగులది. 42 అడుగుల 8 అంగుళాలు, 32 అడుగుల 10 అంగుళాలు అని లెక్క కట్టుకున్నం. డిగ్రీల లెక్కలు చదివినందుకు ఆ ఒక్క పూట పనికొచ్చింది. నడిమి గీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, దాని అవతల మీటరు దూరంల బోనస్ లైన్, రెండు పక్కల మీటరు వెడల్పు లాబీలు. అన్నీ సున్నంతోని గీసినం. పది నిమిషాలు ఆడంగనే బోనస్ లైన్ దుమ్ముల కలిసిపోయేది. బోనస్ ఇయ్యాలంటే ఒక కాలు గీత దాటాలె, రెండోది గాలిల ఉండాలె. గీతే లేకుంటే ఏ కాలు ఎక్కడుందో ఎట్ల చెప్పాలె? ప్రతి మ్యాచ్‌కు నడుమ ఆట ఆపి సున్నం పోసినం. ఈసారి ఎవరు గ్రౌండ్ చూసుకుంటరో గని, సున్నం బస్తా ఒక్కటి సరిపోదు, రెండు తెప్పియ్యిర్రి.

పని పంచుకున్నం. ఒకరు రిఫరీ, ఇద్దరు అంపైర్లు చెరొక పక్క, ఒకరు స్కోరు. కూత 30 సెకండ్లు, ఫోన్ల స్టాప్‌వాచ్ పెట్టినం. మొదటి లొల్లి అక్కడనే మొదలైంది. టీవీల ప్రో కబడ్డీ చూసి పెరిగిన పోరగాండ్లకు కూత అంటే పెదవులు కదుపుడే. 2014ల ఆ లీగ్ వచ్చినంక తెలుగు టైటాన్స్ మ్యాచ్ ఉంటే తండాల టీవీ ఉన్న ఇంట్ల కాలు పెట్టనీకి జాగ ఉండకపోతుండే. అట్ల నేర్చుకున్న ఆట ఇది. కాని గట్టు మీద కూసున్న పెద్దోళ్లు చెడుగుడు ఆడినోళ్లు. "కూత ఇనవడుతలేదు, దమ్ము తీసిండు, అవుట్ ఇయ్యి" అని కట్టె చూపిచ్చుకుంట లేచేటోళ్లు. వాళ్లు చెప్పేది కూడ రూలే. దమ్ము ఆగితే కూత పోయినట్టే. కాని మైకుల పాట మోగుతుంటే కూత ఎట్ల ఇనవడుతది? మైకు బంద్ చెయ్యమంటే మైకు తెచ్చినాయన అలిగి పోయిండు.

ఇంకోటి భాష. మొదటి రోజు మా తండావోళ్లతోని గోర్‌బోలిల మాట్లాడినం. అది మా నోటికి అలవాటు. ఊరి జట్టు కెప్టెన్ వచ్చి "మీరు మీరు ఏం మాట్లాడుకుంటున్నరో మాకేం ఎర్క?" అన్నడు. ఆయన అడిగిందాంట్ల తప్పు లేదు. ఆడేటోనికి అర్థం కాని భాషల తీర్పు చెప్పొద్దు. అప్పటినుంచి గీత లోపట తెలుగే అనుకున్నం. రెండో రోజు మా తండా ముసలమ్మ ఒకామె నీళ్లు ఇయ్యనీకి వచ్చి గోర్‌బోలిల ఏదో అడిగితే మాలో ఒకరు తెలుగుల జవాబు చెప్పిండు. ఆమె చెంబు చేతుల పట్టుకొని అట్లనే నిలబడ్డది. "పట్నం పోయి మన మాట మర్చిపోయిర్రా బిడ్డా?" అన్నది. రూలు సంగతి ఆమెకు చెప్పబోయినం గని మాట రాలే.

ఇగ ఫైనల్.

మా తండా జట్టుకు, పక్క ఊరి జట్టుకు. నలుగురం మా తండాల వైపోళ్లమే కాబట్టి వేరే రిఫరీని పెట్టుమని ముందే చెప్పినం. దొరకలే. ఎవరు ఒప్పుకోలే. ఊరి జట్టువోళ్లు కూడ "పర్వాలేదు, మీరు బానే ఊదుతున్నరు" అన్నరు. ఆ మాట మాకు మస్తు సంతోషం అనిపిచ్చింది. ఇప్పుడు చూస్తే మమ్మల్ని పాడుచేసింది ఆ మాటనే అనిపిస్తది.

మా తండా జట్టుల పెద్ద రైడర్ మాలో ఒకరికి మేనబావ. మేము నలుగురం బావ అనే పిలుస్తం. గల్ఫ్‌ల పనిచేస్తడు, రెండేండ్లకు ఒకసారి వస్తడు. సంక్రాంతి అయినంక తొమ్మిది రోజులకు ఫ్లైట్. కామారెడ్డి దిక్కు తండాలల్ల, ఊర్లల్ల గల్ఫ్ మనిషి లేని ఇల్లు తక్కువ, మీకు చెప్పేదేముంది. మాలో ఒకరికి ఇంటర్ ఫీజు కట్టింది ఆ బావనే. ఆయనకు ఆ కప్పు మీద ఆశ లేదు, ఆ చెలకల ఆడుడు మీదనే ఆశ. "మల్ల వచ్చేసరికి మోకాళ్లు ఉంటయో ఉండయో" అని నవ్వుకుంట చెప్పిండు.

స్కోరు 26-26. రెండు నిమిషాలు లేదు. బావ కూతకు పోయిండు. అటు ఆరుగురున్నరు. ఎడమ మూల దాక పోయి, చెయ్యి ఇసిరి, ఎనకకు తిరిగి లాబీలకు దిగిండు. ముగ్గురు డిఫెండర్లు ఆయన ఎనకనే లాబీలకు ఉరికిర్రు. రిఫరీ విజిల్ ఊదిండు. ఎవరినీ తాకకుండ లాబీల కాలు పెట్టిండు కాబట్టి రైడర్ అవుట్, ఊరి జట్టుకు ఒక పాయింట్. బావ అప్పటికే నడిమి గీత దాటి వచ్చి నిలబడ్డడు. రెండు చేతులు పైకెత్తి "తాకిన" అన్నడు.

గట్టు మీద నుంచి పెద్దోళ్లు దిగిర్రు. వాళ్లు అనేది వేరే. "తాకకపోతే సరే, రైడర్ అవుట్. మరి ఆ ముగ్గురు లాబీలకు ఎట్ల వస్తరు? వాళ్లు కూడ అవుటే. మాకు మూడు పాయింట్లు రావాలె." పోరగాండ్లు టీవీల లెక్క చేతులతోని గుర్తు చూపిచ్చి రివ్యూ, రివ్యూ అని ఒర్రుడు. ఒకాయన ఫోన్ల వీడియో తీసిండు గని ఆయన ఊరి జట్టు మనిషి. ఫోన్ జేబుల ఏసుకొని పక్కకు పోయిండు. నలభై నిమిషాలు ఆట ఆగింది. మేము టీవీల చూసిన రూలే చెప్పినం, రైడర్ ఒక్కడే అవుట్ అని. చివరికి 27-29తోని మా తండా ఓడిపోయింది. 

ఆ రాత్రి తండాల మాతోని ఎవరు మాట్లాడలే. "సదువుకొని మనోళ్ల కడుపే కొట్టిర్రు" అని వాకిట్ల నుంచి ఒక మాట ఇనవడ్డది. మాలో ఒకరి అమ్మ అన్నం పెట్టి పక్కకు తిరిగి కూసున్నది.

నిద్ర పట్టక ఫోన్ల లాబీ రూల్ ఎతికినం. అప్పుడు దొరికింది. 2023 అక్టోబర్ 7, చైనాల హాంగ్జౌ, ఆసియా క్రీడల మగవాళ్ల కబడ్డీ ఫైనల్, మనకు ఇరాన్‌కు. 2018ల జకార్తాల సెమీఫైనల్ల మనల్ని ఓడగొట్టింది ఇరానే. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్ల కబడ్డీ పెట్టినప్పటి నుంచి అప్పటిదాక ప్రతిసారి బంగారం మనదే ఉండె. అందుకే ఈ ఫైనల్ అంటే అంత పట్టుదల. స్కోరు 28-28. నిమిషం మీద కొన్ని సెకండ్లు మిగిలినయి. పవన్ సెహ్రావత్ కూతకు పోయిండు. ఎవరినీ తాకకుండ లాబీల కాలు పెట్టిండు. ఇరాన్ డిఫెండర్లు ఎనకనే లాబీలకు దిగిర్రు. పాత రూల్ ప్రకారం లాబీల దిగినోళ్లందరు అవుట్. ప్రో కబడ్డీల వాడే కొత్త రూల్ ప్రకారం రైడర్ ఒక్కడే అవుట్. రిఫరీలు ఒకసారి ఒకటి ఇచ్చి, మల్ల మార్చి, మల్ల మార్చిర్రు. ఆటగాండ్లు కోర్టుల కూసుండిపోయిర్రు. ఆట గంట సేపు ఆగింది. చివరికి ఇండియా 33-29తోని గెలిచింది. అదే పవన్ సెహ్రావత్ ఆ తర్వాత సీజన్ల తెలుగు టైటాన్స్‌కు వచ్చిండు. ఆయన ఆట మేము టీవీల ఎన్నిసార్లు చూసినమో లెక్క లేదు. కాని ఈ ముచ్చట మా కంట పడలే.

మా మక్క చెలకల జరిగింది అచ్చం అదే. అంత పెద్ద పెద్ద రిఫరీలే తడబడ్డరు అని కొంచెం గుండె కుదుటపడ్డది. దాన్ని పట్టుకొని తెల్లారి తండాల తిరిగి చూపిచ్చినం కూడ. "చూడుర్రి, ఆసియా క్రీడల్లనే ఇట్ల అయింది."

మాలో ఒకరి తాత కార్భారి. నాయక్‌తోని కూసొని తండా తగువులు తీర్చినాయన. 2018 చట్టంతోని తండాలు గ్రామపంచాయతీలు అయినంక కార్భారి మాటకు మునుపటి బలం లేదు గని ఇప్పటికీ ఇంట్ల లొల్లి అయితే ఆయన దగ్గరికి పోయేటోళ్లున్నరు. ఆయన వీడియో మొత్తం చూసిండు. ఫోన్ తిరిగి ఇచ్చిండు. "మాట ముందు చెప్పినవా, లొల్లి అయినంక చెప్పినవా?" అన్నడు. మేము జవాబు చెప్పలే. టాస్ వేసేటప్పుడే "లాబీకి ఇది రూల్" అని రెండు జట్లకు చెప్పి ఉంటే ఆ ముగ్గురు లాబీలకు దిగేటోళ్లో కాదో, పెద్దోళ్లు గట్టు దిగేటోళ్లో కాదో. తగువు వడ్డంక రెండు రూళ్లల్ల ఒకటి ఏరి చెప్తే, ఏది ఏరినా ఎవరికో ఒకరికి చేసినట్టే ఉంటది. ఇది మా మొదటి తప్పు. ఇది అందరి ముందర ఒప్పుకున్నం, మీలో చానామందికి తెలుసు.

రెండోది ఎవ్వరికి చెప్పలే.

బావ తాకిండు. ఎడమ మూలకు ఉన్న డిఫెండర్ మోచేతికి బావ వేళ్లు తగిలినయి. ఆ పక్కకు నిలబడ్డ మా అంపైర్ చూసిండు. తాకినంక లాబీ ఆటలకు వస్తది, రైడర్ లాబీ నుంచి పోవచ్చు. అట్ల అయితే బావ బతికినట్టే, మాకు ఒక పాయింట్ రావాలె. రిఫరీ విజిల్ ఊది అంపైర్ మొఖం చూసిండు. అంపైర్ చెయ్యి లేవలే. రిఫరీకి కూడ అనుమానం ఉండె, అయినా నోరు తెరిచి అడగలే. స్కోరు రాసేటోడు పెన్ను ఆపిండు, ఏం అనలే. 

అంపైర్ ఎవరో ఇక్కడ రాయం. దాచిపెట్టనీకి కాదు. ఆ టైముల ఎవరు అక్కడ నిలబడ్డా అదే చేసేటోళ్లమని నలుగురం ఒప్పుకున్నం, అందుకే మేము అని రాస్తున్నం. తాకిండు అని చెప్తే ఏమంటరు? బావకు ఇచ్చిండు అంటరు. "మీరు బానే ఊదుతున్నరు" అన్న ఊరి కెప్టెన్ "చూసినవా, ఆఖరికి వాళ్లోళ్లు వాళ్లోళ్లే" అంటడు. కాలేజీల, ఆఫీసుల, బస్సుల ఆ మాట మనం ఎన్నిసార్లు ఇన్నమో. మనకు ఏదన్న వస్తే అది ఊకెనే వచ్చింది అంటరు. అందుకని మా చేతుల ఉన్నప్పుడు మనోనికి రావాల్సింది కూడ ఇయ్యకుండ, "మేము అట్లాంటోళ్లం కాదు" అని చూపిచ్చుకున్నం. అది నిజాయితీ అనుకున్నం. కాదు, భయం. మందికి భయపడి మనోనికి అన్యాయం చేసుడు, మనోనికోసం మందికి అన్యాయం చేసుడు, రెండింట్ల ఏది తక్కువ తప్పో మాకు ఇప్పటికీ తెల్వదు.

బావ ఫ్లైట్ ఎక్కే రోజు మేము హాస్టల్ల ఉన్నం. పరీక్షలని సాకు చెప్పినం గని నిజానికి మొఖం చూపియ్యలేక. రెండు నెలలకు ఒక రాత్రి వాట్సాప్ కాల్ చేసి నలుగురం స్పీకర్ పెట్టి కూసున్నం. చెప్పినం. బావ కొంచెంసేపు ఏం మాట్లాడలే. అటు ఏసీ సప్పుడు ఒక్కటే. "నువ్వు చూసినవని నాకు ఎర్కనే. నేను చేతులెత్తినప్పుడు నీ మొఖమే చూసిన" అన్నడు. ఇంక కోపం చేస్తడేమో అనుకున్నం. "మరి ఆ కెప్టెన్‌కు చెప్పినవా?" అని అడిగిండు.

చెప్పలే. ఆ ఆదివారం ఔటింగ్ రాసిచ్చి బస్సెక్కి ఊరికి పోయినం. కెప్టెన్ వరి పొలం కాడ మోటరు బాగుచేస్తుండె. ఇన్నంక గట్టిగ నవ్విండు. "మా వోని మోచెయ్యికి తగిలిందని మాకు అప్పుడే ఎర్క. మా వోడు నాతోని చెప్పిండు. మీరే చెప్పకపోతే మేమెందుకు చెప్తం?" అన్నడు. కొంచెం ఆగి, నవ్వు ఆపి, "కప్పు వాపస్ అడగనీకి వచ్చిర్రా?" అన్నడు. కాదన్నం. చాయ్ తాగిపిచ్చిండు. తిరిగి బస్టాండ్ దాక వచ్చేటప్పుడు మాకు ఆశ్రమ పాఠశాల, ఆ సగం గాలి పోయిన బంతి యాదికొచ్చింది. అయిదో తరగతి పోరగాండ్లతోని సారు చెయ్యి ఎత్తిపిచ్చిండు. ఇరవై ఏండ్లు వచ్చినోళ్లం ఆ చెలకల పద్నాలుగు మంది ఆటగాండ్లు, నలుగురు మేము, అంతమందిల తెలిసినోళ్లు అరడజను ఉన్నరు. ఒక్కరు ఎత్తలే.

ఇప్పుడు దసరా సంగతి. మేము కొన్ని అనుకున్నం, గ్రూపు పెద్దలు ఒప్పుకుంటే చేద్దాం. లాబీ రూల్, బోనస్ రూల్, కూత రూల్ ఒక కాయితం మీద రాసి, టాస్ ముందు తెలుగుల, గోర్‌బోలిల మైకుల చదవాలె. గోండు, కోయ తమ్ముళ్ల జట్లు వస్తే వాళ్ల భాషల చదివేటోళ్లు ముందుకు రావాలె. పాత రూలా, కొత్త రూలా అన్నది ఇప్పుడే గ్రూపుల తేల్చుకుందాం, గట్టు మీద పెద్దోళ్లను కూడ అడిగి. మాకైతే పాత రూలే మంచిదనిపిస్తుంది, చెలకల టీవీ కెమెరాలు లేవు కాబట్టి. అంపైర్ చూసిండంటే చెయ్యి ఎత్తుడే, ఎవని బావ అయినా సరే. ఆట నడుస్తుంటే మైకుల పాట బంద్. 

చెల్లెళ్ల మ్యాచులు కూడ పెడుతున్నరు, సంతోషం. వాళ్ల కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు, మగవాళ్ల కోర్టుల ఆడిపియ్యొద్దు. వాళ్ల మ్యాచ్‌కు అంపైర్లు అక్కలే ఉండాలె. పోయినసారి మేమే నిలబడితే చెల్లెళ్లు పట్టు పట్టనీకి ఎనకకు ముందుకు అయిర్రు. కిందమీద పడే ఆటల పక్కన మగపిల్లలు వంగి చూస్తుంటే ఎవరు మాత్రం మనసుపెట్టి ఆడుతరు?

రిఫరీకి రోజుకు రెండు వందలు, భోజనం అని పోయినసారి అనుకున్నరు. మాకు భోజనమే ముట్టింది. ఈసారి పైసలు ముందే పక్కకు పెట్టుర్రి, అది కూడ ముందు చెప్పాల్సిన మాటనే.

బావకు దసరాకు సెలవు లేదంట. వీడియో కాల్ పెట్టుమన్నడు, ఫైనల్ చూస్తడంట. "ఈసారి ఎవరు ఊదుతర్రు?" అని అడిగితే పేర్లు ఇంకా రాలేదని చెప్పినం.

మాలో ఇద్దరం వస్తం. ఒక రిఫరీ, ముగ్గురు అంపైర్లు, అండ్ల ఇద్దరు అక్కలు, ఒకరు స్కోరు రాసేటోళ్లు ఇంకా కావాలె. మా తండావోళ్లు ఆడే మ్యాచ్‌కు మేము ఊదం, వేరే మండలం వాళ్లు ఊదాలె. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు చెలక కాడ కూసుందాం. విజిల్లు రెండున్నయి, టేపు మేస్త్రిని అడిగి తెస్తం. పేర్లు ఈ పోస్టు కిందనే రాయిర్రి.